ఐటినరీ గారికి విన్నపం

మా జపాన్ యాత్రా కార్యక్రమ పత్రం, అనగా మహారాజశ్రీ ఐటినరీ గారి దివ్యసముఖానికి, విశాఖపట్నం నుంచి ఒక కాబోయే యాత్రికుడు వ్రాసుకున్న విన్నపం.

నిన్న మధ్యాహ్నం ద్వారకానగర్‌లోని తమ వారి ట్రావెల్స్ కార్యాలయంలో, ఏసీ పనిచేయని గదిలో, తమ సవరించిన ప్రతి కోసం చీకటి పడేదాకా కూర్చున్నాను. జపాన్‌లోని బెప్పు ఊళ్ళో వేడినీటి ఊటల స్నానానికి ఒక పూటంతా కేటాయిస్తామని మాట ఇచ్చి ఉన్నారు కనుక ఆ ఉక్కను కూడా ఓర్చుకున్నాను. తీరా కాగితం చేతికి వచ్చాక చూస్తే ‘ఆన్‌సెన్ స్నానం – 40 నిమిషాలు’ అనీ, దాని కిందనే ‘ముత్యాల దుకాణం – 2 గంటలు’ అనీ ఉంది. ముత్యాలే కావాలనుకుంటే మాకు హైదరాబాదుకు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది, జపాన్ దాకా అక్కరలేదు.

తమరు ఏనాడూ స్నానం చేసి ఎరుగరు కాబట్టి ఆ నలభై నిమిషాల లెక్క మనవి చేస్తాను. బస్సెడు జనం దిగి, చెప్పులు విడిచి అరల్లో పెట్టి, ఆడవారు ఒక వైపుకూ మగవారు ఒక వైపుకూ వెళ్ళాలి. ఆపైన ఒంటిమీద నూలుపోగు లేకుండా లోపలికి పోవాలన్నది అక్కడి ఆచారం; తమరేమో ‘ఈత దుస్తులు తెచ్చుకోగలరు’ అని నిక్షేపంగా రాశారు. మా మామగారూ నేనూ ఆ అవతారాలలో ఒకే తొట్టిలో దిగవలసిన ఘడియకు మనసు సిద్ధం చేసుకోవడానికే అరగంట చాలదు. పచ్చబొట్టు ఉన్నవారిని చాలా స్నానశాలలలో రానివ్వరన్న సంగతి కూడా తమరు చెప్పలేదు. మా అత్తగారి ముంజేతి మీద చిన్ననాటి పచ్చబొట్టు ఉంది. ఇవన్నీ గట్టెక్కాక చిన్న పీట మీద కూర్చుని, సబ్బుతో తల నుంచి కాలి దాకా రుద్దుకుని, నురుగు మిగలకుండా కడుక్కుంటే గానీ నీటిలో దిగకూడదు. భూమి లోతుల్లోకి ఇంకిన వాన నీరు అక్కడి శిలాద్రవపు వేడికి కాగి, రాళ్ళలోని ఖనిజాలను కరిగించుకుని, తిరిగి పైకి రావడానికి ఏళ్ళకు ఏళ్ళు పడుతుంది. అంత తీరిక చేసుకుని వచ్చిన నీటిలో మేము మోకాలి దాకా దిగేసరికి గైడు బయట జెండా ఊపుతూ ఉంటాడు.

ఇక ఉమి జిగోకును కూడా తమరు స్నానాల వరుసలోనే వేశారు. అయ్యా, ఆ నీలి మడుగులో నీరు దాదాపు 98 డిగ్రీలు మరుగుతుంటుంది. దాన్ని ఒడ్డు నుంచి చూసి రావాలే తప్ప దిగకూడదు. దింపితే మాత్రం మా తిరుగు టికెట్ల ఖర్చు తమకు మిగులుతుంది.

‘ఆసో బిలం దర్శనం’ అని మరొకచోట నిశ్చింతగా ఉంది. ఆసో అంటే అగ్నిపర్వతమయ్యా; విషవాయువులు పెరిగిన రోజున దాని నాకదాకే బిలం దగ్గరికి ఎవరినీ పోనివ్వరు, ఉబ్బసం ఉన్నవారిని మామూలు రోజున కూడా వద్దంటారు. మా మామగారి జేబులో ఇన్‌హేలరు లేని రోజు ఉండదు. 2016లో పేలి బూడిద చిమ్మిన ఆ బిలం తమ బస్సు వేళలు అడిగి నడుచుకోదు. ఇక పొగలు కక్కే మరో అగ్నిపర్వతపు లోయ ఓవాకుదానిలో గంధకపు నీటిలో ఉడికి నల్లబడిన గుడ్డు తింటే ఏడేళ్ళ ఆయుష్షు పెరుగుతుందంటారు గానీ, తమరిచ్చిన పావుగంటలో దాని పెంకు కూడా ఊడదు.

మా ఎంవీపీ కాలనీ వారు ‘ఈ ఊళ్ళో కారే చెమట చాలక వేడినీళ్ళ కోసం జపానా’ అని ఇప్పటికే నవ్వుతున్నారు. మన తూర్పు కనుమల రాళ్ళు కోట్ల ఏళ్ళ కిందటే చల్లారిపోయాయి, పొగలు చూడాలంటే ఇక్కడ ఫ్యాక్టరీల వైపే తల తిప్పాలి అని వారికి సర్దిచెప్పి వచ్చాను. ఇప్పుడు వారి ముఖం ఎలా చూడాలి? బెప్పులో రెండు వేలకు పైగా వేడినీటి ఊటలున్నాయి. అక్కడి కన్నావా పేటలో నేల నుంచి వచ్చే ఆవిరి మీదనే, మన వాసెనపోలి ఉడికినట్టు, కూరగాయలూ గుడ్లూ ఉడికిస్తారు. 1879లో మొదలైన తకెగవరా స్నానశాలలో వేడి ఇసుకలో మెడ దాకా పూడుస్తారు. వీటి ఊసెత్తని తమరు ‘రెండు పూటలా ఇండియన్ భోజనం’ అని మాత్రం లావు అక్షరాలలో అచ్చు వేయించుకున్నారు.

ఇక తమరూ లేదు, గిమరూ లేదు. ఏమయ్యా, సెలవు నాది, సొమ్ము నాది, ఆ దుకాణంలో కమీషను మాత్రం నిన్ను రాసినవాడిది! ఆ రెండు గంటలూ తెచ్చి స్నానానికి కలుపు, ఆసో మూతపడితే ఏం చేస్తావో రాయి, ఈత దుస్తుల ముక్క కొట్టివెయ్యి. అంతవరకు మిగిలిన వాయిదా కట్టను. ముత్యాల దుకాణం ముందు బస్సు ఆగితే నేను దిగను, మా మామగారినీ దిగనివ్వను.

ఇట్లు,
అడ్వాన్సు చెల్లించి చిక్కుకున్న ఒక విశాఖవాసి