హై ప్రోటీన్ బిస్కెట్ దొరగారికి, లైసీన్ లెక్క అడుగుతూ

మహారాజశ్రీ హై ప్రోటీన్ బిస్కెట్ దొరగారి సముఖానికి,

తమరు మళ్లీ కొత్త అట్టలో వేంచేశారు. ధర పెరిగింది, లోపల బిస్కెట్లు రెండు తగ్గాయి, కండలు చూపించే హీరో మారాడు. "ఇప్పుడు ప్యాకెట్‌కు 10 గ్రాముల ప్రోటీన్" అన్న అక్షరాలు మాత్రం నిరుటికన్నా లావెక్కాయి. సంతోషం. ఎవరికో ఒకరికి ఒళ్లు చేయాలిగా.

చిన్న మనవి. అట్ట వెనక్కి తిప్పితే మైదా, పంచదార, గోధుమ గ్లూటెన్, ఇన్వర్ట్ సిరప్, చివర్లో కాస్త పాలపొడి. గోధుమపిండిని నీళ్లలో కడిగి గంజి తీసేస్తే మిగిలే బంకే గ్లూటెన్. ప్రోటీన్ దండిగానే ఉంటుంది, కాదనం. కానీ ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. అందులో ఒకటైన లైసీన్, గ్లూటెన్‌లో గ్రాము ప్రోటీన్‌కు సుమారు 17 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు ఉండాల్సింది 45. లైసీన్ తయారుచేసుకోవడం మన ఒంటికి చేతకాదు, తిండిలోంచే రావాలి. అది చాలనప్పుడు మిగతా అమైనో ఆమ్లాలు ఎన్ని ఉన్నా కండ కట్టవు. వాటి నత్రజని యూరియాగా మారి మూత్రంలో పోతుంది.

కొత్త సంగతేం కాదండీ. 1914లోనే ఆస్బర్న్, మెండెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గోధుమ గ్లూటెన్‌లో ఒక భాగమైన గ్లయడిన్ ఒక్కటే ప్రోటీన్‌గా ఎలుకపిల్లలకు పెట్టి చూశారు. బతికాయి గానీ ఎదగలేదు. లైసీన్ కలపగానే మళ్లీ పెరిగాయి. ఎలుకలకు అర్థమైంది తమరి మార్కెటింగ్ వారికి ఇంకా అందినట్టు లేదు.

పోనీ, ఉన్న లైసీనైనా దక్కుతుందా? తమరి ఒంటిమీద ఆ గోధుమరంగు, ఆ కమ్మటి వాసన ఊరికే రాలేదు. ఓవెన్ వేడిలో సిరప్‌లోని గ్లూకోజు, పాలపొడిలోని లాక్టోజు వెళ్లి లైసీన్ కొసన ఉన్న అమైనో గుంపును పట్టేసుకుంటాయి. అలా చిక్కినదాన్ని మన జీర్ణరసాలు విడిపించలేవు. ల్యాబ్‌లో ఆమ్లంలో ఉడికిస్తే కొంత విడిపోతుంది కాబట్టి రిపోర్టులో మాత్రం భద్రంగా కనిపిస్తుంది!

ఇక ఆ "10 గ్రాములు" అంటే నత్రజనిని కొలిచి హెచ్చవేసిన అంకె. గోధుమకైతే 5.7తో హెచ్చవేయాలి, 6.25 వాడితే అంకె పదో వంతు ఉబ్బుతుంది. ఆ నత్రజని ఎక్కడిదని ఈ లెక్క అడగదు. 2008లో చైనాలో పాలలో నత్రజని దండిగా ఉండే మెలమైన్ అనే రసాయనం కలిపినవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

(కొల్లాజెన్ పౌడర్ గారూ, నవ్వకండి. తమరిలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అసలే లేదు. హాస్టల్ పప్పుచారు గారూ, తమరిలో పప్పు ఎక్కడ?)

అసలు మండేది ఇక్కడ. 60 కిలోల మనిషికి రోజుకు 1800 మిల్లీగ్రాముల లైసీన్ కావాలి. 300 గ్రాముల బియ్యంలో 800 దాకా వస్తుంది. 60 గ్రాముల కందిపప్పు ఇంచుమించు అంతే కలుపుతుంది. మిగతాది గ్లాసుడు పాలో, పెరుగో పూడుస్తుంది. పప్పులో తక్కువయ్యే మరో అమైనో ఆమ్లం, మెథియోనిన్, అన్నం ఇస్తుంది. ఒకే ముద్దలో కలవాలని కూడా లేదు, ఆ రోజుకి అందితే చాలు. మరి నీ ప్యాకెట్ మొత్తానికీ ఎంత? 200 దాటితే గొప్ప. ఎదిగే పిల్లల బాక్సులోంచి పప్పన్నం తీయించి అక్కడ కూర్చున్నావు చూడు, సిగ్గులేదా నీకు?

లైసీన్ ఎన్ని మిల్లీగ్రాములో అట్టమీద రాయించు. అదీ బేకింగ్ అయ్యాక మిగిలినది. కుదరకపోతే "హై ప్రోటీన్" చెరిపేసుకుని ఉత్త బిస్కెట్‌గా రా. చాయ్‌లో మునిగి విరక్కుండా పైకి రావడం నీకు వచ్చు. ఆ విద్యకైతే పది రూపాయలు ఇవ్వడానికి మాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
కందిపప్పు తరఫున