మా సీనియర్ హైకోర్టుల ఉన్నరు సార్

పోయిన నెల ఒక బుధవారం పొద్దున పదకొండున్నరకు మా దిక్కు ఒక కోర్టులో ఒక కుర్ర వకీలు లేచి, కోటు సర్దుకుని, "మా సీనియర్ హైకోర్టుల ఉన్నరు సార్" అని విన్నవించుకున్నాడు. జడ్జి గారు తలెత్తకుండానే వాయిదా రాశారు. మా మేనమామ తరఫు కుర్ర వకీలు "నో అబ్జెక్షన్" అన్నాడు. బంట్రోతు పిలిచిన పేరు విని వేపచెట్టు కింద నుంచి పరుగెత్తుకొచ్చిన మా మేనమామ గుమ్మం దాటేసరికి ఇంకెవరి పేరో పిలుస్తున్నారు. రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. విచారణ ఏడు సెకన్లు. నేను లెక్కపెట్టాను.

అదే రోజు ఒంటిగంటన్నరకు ఆ సీనియర్ గారు హన్మకొండలో ఒక ఫంక్షన్ హాల్లో, మా మేనమామకు రెండు కుర్చీల అవతల, బగారన్నంలో నల్లిబొక్క వెతుక్కుంటూ కనిపించారు. హైదరాబాద్‌లో వాదన ముగించి, 140 కిలోమీటర్లు రెండు గంటల్లో దాటి, చేతులు కడుక్కుని బంతిలో కూర్చున్నారన్న మాట. అంతటి వేగం ఉన్న న్యాయవ్యవస్థను నిదానమని ఎవరంటారు?

దావా సంగతి చెప్పాలి. రెండు గుంటల గెట్టు. 2009లో వేసింది. ప్రతివాది మామకు వరుసకు తమ్ముడు, పాలోడు. కాబట్టి పెళ్లి ఇద్దరికీ చుట్టాలదే. ఆ బంతిని ఒక్కసారి కళ్లముందు పెట్టుకోండి. ఈ చివర వాది, ఆ చివర ప్రతివాది. మధ్యలో ఇద్దరు సీనియర్ వకీళ్లు (మావాడూ హైకోర్టులో ఉండాల్సినవాడే). ఎదురు వరుసలో గెట్టు కొలిచిన సర్వేయరు. పక్కన సాక్షి సంతకం పెట్టిన మాజీ సర్పంచి, రిటైరైన వీఆర్వో. పదిహేనేళ్లలో ఏ పేషీకీ ఇంత హాజరు లేదు. జడ్జి గారికి ఒక శుభలేఖ వేసి ఉంటే పెరుగు వడ్డించేలోపు తీర్పు వచ్చేది.

పైగా వాంగ్మూలం కూడా జరిగింది. మటన్ వడ్డిస్తుండగా సర్వేయరు ఊరికే అడిగాడు, ఆ చింతచెట్టు గెట్టుకు ఇవతలనా, అవతలనా అని. ప్రతివాది నములుతూనే, "ఇవతలనే తియ్, అన్న దిక్కే" అన్నాడు. దావా అంతా ఆ చింతచెట్టు మీదే నిలబడి ఉంది! మా మామ విస్తరాకు వదిలి లేచాడు. "సార్, ఒప్పుకున్నడు, ఇన్నరా?" మా వకీలు తలకాయ కూరలోంచి తల ఎత్తి, "ఈడ చెప్తె నడ్వదే పెద్దమనిషి, కోర్టుల చెప్పాలె. వచ్చే పేషీకి చూద్దాం" అన్నాడు. ప్రతివాది వెంటనే, "నేనెప్పుడన్న?" అని, మామ వైపు నీళ్ల సీసా జరిపి, "కూసోయే అన్నా, ఇంకింత ఏసుకో" అన్నాడు. మామ కూర్చున్నాడు. వేసుకున్నాడు కూడా.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం, నవ్వుకోవడానికి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరు మొదటి రూలు ప్రకారం విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. 2002 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అదే రూలులో ఇంకో ముక్క: వకీలు వేరే కోర్టులో ఉండటం వాయిదాకు కారణం కాదు. అక్షరాలా అదే! మన చేతుల్లో లేని కష్టమొస్తే ఈ మూడు లెక్క పట్టింపు కాదని 2005లో సుప్రీంకోర్టు తలుపు కొంచెం తెరిచి పెట్టింది. ఆ సందులోంచి ఇప్పుడు పెళ్లి ఊరేగింపులే పోతున్నాయి.

పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు మార్చొచ్చన్న కేశవానంద భారతి కేసును 13 మంది జడ్జీలు 68 రోజులు విని, 1973 ఏప్రిల్ 24న తేల్చేశారు. 7-6తో. అంటే దేశానికి గెట్టు పాతడానికి 68 రోజులు. చింతచెట్టు అంతకంటే జటిలం కాబోలు. మా వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయి విప్పారు. పూర్తి కాదని అందరం తేల్చేశాం. 2024లో అది కూడా నిలబడింది. మామకు ఇప్పుడు ఆ మండపం మీదా అసూయే.

జడ్జీలను ఒక్కరినే ఆడిపోసుకోను. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలు ఉండాలని, ఐదేళ్లలో ఆ సంఖ్యకు తేవాలని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఐదేళ్లు 2007లోనే అయిపోయాయి. ఇప్పటికీ ఇరవై ఒక్కరి చుట్టే తిరుగుతున్నాం. వాయిదా వేయడం సర్కార్లకూ బాగానే వచ్చు. సుప్రీంకోర్టులో న్యాయదేవత కళ్లగంతలు విప్పి, కత్తి తీసి చేతిలో రాజ్యాంగం పెట్టారు. బాగుంది. త్రాసు పక్కన ఒక క్యాలెండరు కూడా తగిలిస్తే పోలిక సరిగ్గా కుదిరేది.

ఇంతవరకు నవ్వాను. ఇక నావల్ల కాదు.

2008 డిసెంబరులో మన వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోసిన కేసులో నిందితులు ముగ్గురు పోలీసు తూటాలకు పోయారు. ఊరంతా సంబరం. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురు. పోలీసుల మీద పూలు చల్లారు. ఆ రోజు టీవీ ముందు మా మామ కూడా, "గట్లనే కావాలె" అన్నాడు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పింది? చంపాలనే కాల్చారని. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని. అది చదివి వినిపిస్తే మామ, "కోర్టుకు పోతే ఎన్నేండ్లు పట్టేది అల్లుడా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకుండా చేసింది ఎవరు? తిరిగి తిరిగి చెప్పులరిగిన మనిషి తూటాకు చప్పట్లు కొడుతుంటే తప్పు ఆయనదేనా? ఈ దేశపు జైళ్లలో నలుగురిలో ముగ్గురు ఇంకా ఏ శిక్షా పడనివాళ్లే. వాళ్ల సీనియర్లు ఏ ఫంక్షన్ హాల్లో ఉన్నారు? ఆర్టికల్ 32 రాజ్యాంగానికి గుండె, ఆత్మ అన్నారు అంబేద్కర్. ఆ గుండె కొట్టుకోవాల్సిన చోట నల్లకోటేసుకుని నిలబడి సిగ్గులేకుండా అబద్ధమాడతారా?

నిన్న మామ ఫోనుకు కోర్టు నుంచి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో. నాకు చేసి చదివించుకున్నాడు. వచ్చే నెల పద్నాలుగు అని చెప్పాను.

"పద్నాలుగా? జర పంచాంగం చూడు అల్లుడా" అన్నాడు. "ఆ రోజు ముహూర్తాలుంటే నేను సీదా దావత్‌కే పోత."