శారద మనిషి కాదు, పొలం

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే మా బావ ఒక రాత్రి ఫోన్ చేసి, "మన వంశంలో శారద అనే ఆడమనిషి ఎవరైనా ఉందా?" అని అడిగాడు. గొంతులో కంగారు. పట్టా కాగితాన్ని ఫోటో తీసి, అడిగినదానికి జవాబు రాసే ఏఐ చాట్‌బాట్‌కు ఇచ్చి "ఇందులో ఏముందో చెప్పు" అని అడిగారట. పొలంలో శారద అనే ఆవిడకు వాటా ఉందని అది చెప్పిందట. ఒడిశా భూమి పత్రాల్లో "శారద" అంటే వానకాలం వరి పండే నేల. "ఘరబారి" అంటే ఇంటి స్థలం. నేల రకం రాసే గడిలోని మాటను ఆ యంత్రం మనిషి పేరనుకుంది.

తప్పు యంత్రానిదేనా? మర్నాడు మళ్లీ అడిగించాను. ఇది ఒడిశా రెవెన్యూ శాఖవారి భూమి హక్కుల పత్రమని, గజపతి జిల్లాదని, నేల రకం గడిలోని మాటలకు అర్థం కావాలని, ప్రతి ఒడియా మాటనూ ఉన్నదున్నట్టు రాసి పక్కన వివరం చెప్పమని, తెలియని చోట తెలియదనమని, అంతా ఒకే సందేశంలో పెట్టించాను. పేరు, ఖాతా నంబరు ఉన్న భాగాలను ఫోటో తీసేముందు కాగితం అడ్డుపెట్టి దాచాం. ఈసారి శారద పొలమైంది. అదే ఫోన్, అదే ఉచిత ఖాతా. నయాపైసా అదనంగా ఖర్చు కాలేదు.

అందుకే ఇలాంటి ఏఐ సేవల్లో డబ్బు కట్టి ఏ ప్లాన్ కొనాలనే చర్చ నాకు విసుగు తెప్పిస్తుంది. 2025లో ఎయిర్‌టెల్ పర్‌ప్లెక్సిటీ ప్రోను ఏడాది పాటు ఉచితమంది, జియో జెమినై ప్రోను 18 నెలలు ఇస్తామంది, చాట్‌జీపీటీ గో కూడా భారతీయులకు ఏడాది ఉచితమైంది. ఉచితంగా వచ్చినవాటితో మనం చేసిందేమిటి? శుభోదయం బొమ్మలు! విస్తరి పెద్దదైనంత మాత్రాన వంట రుచి మారదు.

ఇంగ్లీషులో అడిగితేనే మంచి జవాబు వస్తుందనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. ఈ యంత్రాలు చదివినదాంట్లో ఎక్కువ భాగం ఇంగ్లీషే. పైగా అవి వాక్యాన్ని టోకెన్లనే ముక్కలుగా కోసి లెక్కిస్తాయి, తెలుగుకు ఎక్కువ ముక్కలు పడతాయి. 2024 మేలో చాట్‌జీపీటీకి జీపీటీ-4ఓ అనే కొత్త మోడల్ వచ్చినప్పుడు దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ చూపించిన ఉదాహరణలో తెలుగు వాక్యాలకు అంతకుముందు 159 టోకెన్లు పడితే కొత్త పద్ధతిలో 45 పడ్డాయి. ఇంగ్లీషుకు 27 కాస్తా 24 అయింది. అంటే ఆరు రెట్ల దగ్గర ఉన్న తేడా రెండు రెట్ల లోపుకు దిగింది. ఈ మిగిలిన సుంకాన్ని నేను సంతోషంగా కడతాను. రాని ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నకు వచ్చే తప్పు జవాబు ఖరీదు దానికి ఎన్నో రెట్లు.

ఆ సుంకాన్ని తగ్గించుకునే దారి కూడా ఉంది. మనం కొత్త ప్రశ్న వేసిన ప్రతిసారీ యంత్రం అదే సంభాషణలోని పాత మాటలను మళ్లీ మోసుకొస్తుంది. పొద్దున పట్టా, మధ్యాహ్నం పిల్ల స్కాలర్‌షిప్, రాత్రి మోకాళ్ల నొప్పి, అన్నీ ఒకే సంభాషణలో కలిపితే కొన్ని సేవల్లో ఉచిత పరిమితి త్వరగా అయిపోతుంది, జవాబులూ కలగాపులగం కావచ్చు. విషయం మారితే కొత్త సంభాషణ తెరవాలి. జవాబు తప్పితే కింద వాదన పెట్టుకోకుండా, వెనక్కి వెళ్లి ప్రశ్ననే దిద్దాలి.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. శారద సంగతి తేలిందని సంబరపడుతుంటే, యంత్రం ఇచ్చిన తెలుగును బావ చదివి వినిపిస్తే ఆయన కూతురికి, మా మేనకోడలికి, అర్థం కాలేదు. "సదరు భూఖండము యొక్క స్వభావము" అని మొదలైంది! ఆ పిల్ల చదివింది ఒడియా మాధ్యమంలో. తెలుగు మాట్లాడుతుంది, అక్షరాలు రావు. బావకు తెలుగు అక్షరాలు వచ్చు, ఒడియా చదవలేడు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ఎక్కడికి వెళ్లినా ఇలా రెండు లిపుల మధ్య చీలిన తెలుగు ఇళ్లు కనిపిస్తాయి. అటు మహారాష్ట్ర సిరొంచలో సాత్‌బారా అనే భూమి కాగితం చేతిలో పట్టుకున్న తెలుగు రైతుకు మరాఠీతో ఇదే పాట్లు.

ఇది ఎక్కడ జరిగిందో చూడండి. గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊళ్లో! జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పండితులతో ఏళ్ల తరబడి తగువు పడిన మనిషి ఆయన. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన గెలిచారని ఏటా ఆగస్టు 29న సభలు పెట్టి చెప్పుకుంటాం. గెలిస్తే ఈ "సదరు భూఖండము" ఎక్కడినుంచి వచ్చింది? మన ప్రభుత్వ జీవోల నుంచి, మన పాఠ్యపుస్తకాల నుంచి, మనం వెబ్‌లో పోసిన అనువాదాల నుంచి. యంత్రం మన బరువు తెలుగునే మనకు తిరిగి అప్పగిస్తోంది. సరిహద్దు ఇళ్లలో మాట్లాడే తెలుగు పెద్దగా ఎవరూ రాయలేదు కాబట్టి దానికి అంతగా తెలియదు. ఆ పిల్లలకు తెలుగు బడులు మూతపడుతుంటే ఇటు రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లం పెద్దగా పట్టించుకోలేదు. ఏఐకి తెలుగు నేర్పుతామనే ప్రకటనలకు మాత్రం లోటు లేదు.

గిడుగు సవర గిరిజనుల భాష నేర్చుకుని, తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాశారు. ఆ సంగతి మా మేనకోడలికి ఎవరూ చెప్పలేదు. అయినా ఆమె చేసింది అలాంటి పనే. "మా ఇంట్లో మాట్లాడినట్టు చెప్పు, పెద్ద మాటలు వద్దు" అని తెలుగు మాటలనే ఒడియా అక్షరాల్లో టైపు చేసింది. యంత్రం తడుముకోలేదు. జవాబు తెలుగు లిపిలో వచ్చింది. ఫోన్ తండ్రి చేతికిచ్చి, "నాన్నా, చదువు" అంది.