సెటిల్‌మెంట్ దస్తావేజు గారికి 17వ నంబరు వ్రాయునది

మహారాజశ్రీ సెటిల్‌మెంట్ దస్తావేజు గారి దివ్యసముఖమునకు,

గుంటూరు నుంచి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలమే, నా నాలుగు లక్షలే కాదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం చూసి మురిసిపోయి ఇచ్చిన రిటైర్మెంటు డబ్బది. అప్పు తీసుకున్న పెద్దమనిషి ఐపీ పెట్టాడని, అంటే దివాలా తీశానని కోర్టులో పిటిషను వేశాడని, మొన్న రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది. అప్పులవాళ్ల జాబితాలో నాది 17వ నంబరు, ఇంకా వెనకాల బోలెడంత క్యూ ఉంది. ఆయన ఆస్తుల జాబితా మాత్రం మూడింటితో అయిపోయింది. కట్టుబట్టలు, పాత స్కూటరు, చేతి గడియారం.

మరి బ్రాడీపేటలో మేడ? కింద రెండు పోర్షన్లు అద్దెకిచ్చిన మేడ. ఆ వరండాలో కూర్చునే కదా నేను ప్రోనోటు రాయించుకున్నది!

ఆ మేడ మీద ఏమేం రిజిస్టరయ్యాయో చెప్పే ఈసీ తీయించాను. ఆఖరి వరుసలో, మేడను ఆయన భార్య పేరున ఊరికే రాసిచ్చిన కాగితంగా మీరున్నారు. సర్టిఫైడ్ కాపీ కూడా తెప్పించి, కళ్లజోడు తుడుచుకుని చదివాను. "నా భార్యవైన నీయందు నాకు గల అపారమైన ప్రేమానురాగముల చేతను, ఇంతకాలము నీవు నాకు చేసిన సేవలకు సంతోషించియు..."

కళ్లు చెమర్చాయండీ. ఆ పెద్దమనిషి నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. మిర్చియార్డు నుంచి ఇంటికొస్తూ ఆవిడకు ఒక్క మూర మల్లెపూలు తెచ్చిన పాపాన పోలేదు. పెళ్లయిన 31 ఏళ్లకు, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి టిక్కీల, అంటే బస్తాల, రేటు పడిపోయాక, ఐపీకి సరిగ్గా 11 రోజుల ముందు ప్రేమ కట్టలు తెంచుకుంది. అదీ ఆషాఢంలో! కొత్త దంపతుల్నే తలోచోట ఉంచే నెల. వర్జ్యం చూడకుండా గడప దాటని మనిషి, మీకోసం పంచాంగమే పక్కన పెట్టాడు.

మీతో వచ్చిన చిక్కేమిటంటే, మీకు అబద్ధం ఆడటం రాదు. లోపల ఎంత ప్రేమ కురిపించినా మొదటి పేజీలోనే తేదీ వేసుకుని కూర్చుంటారు. "పెళ్లాం పేరున రాసి పడెయ్, ఎవడేం పీకుతాడు" అని టీకొట్టు దగ్గర సలహా ఇచ్చినవాళ్లు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం తిరగేసి ఉండరు. అందులో 53వ సెక్షన్ ఉంది. రాసిచ్చిన రెండేళ్లలోపు ఐపీ పడి, ఆ మనిషి దివాలా తీశాడని కోర్టు తేల్చితే, ఆ రాత దివాలా ఆస్తులు చూసే రిసీవరు ముందు నిలవదు, కోర్టు రద్దు చేయొచ్చు. నిజాయితీగా తగిన డబ్బిచ్చి కొన్నవాళ్లకు మినహాయింపు ఉంది. ప్రేమానురాగాలు, ఎంత అపారమైనా, ఆ లెక్కలోకి రావు. పెళ్లికి ముందు, ఆ పెళ్లి నిమిత్తం రాసిచ్చిన ఆస్తికీ మినహాయింపు ఉంది. మీరు 31 ఏళ్లు లేటు.

పోనీ రెండేళ్లు ఓపిక పట్టి అప్పుడు పెడితే? మా ప్లీడరు గారు నవ్వారు. అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికి రాసిన రాత అయితే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద దావా వేయొచ్చట. అక్కడా 53వ సెక్షనే! ఆ అంకెకు మీ వంశంతో ఏదో పాత పగ ఉన్నట్టుంది.

ఆవిడ మీద నాకు కోపం లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటో దిగమంటే దిగింది, వేలు పెట్టమంటే పెట్టింది. మీలో అతికించిన ఆ ఫొటోలో కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. పుట్టింటివాళ్లు తెనాలి దగ్గర ఇచ్చిన అర ఎకరం అమ్మి ఆ ఇంట్లో పెట్టారని వినికిడి. నిజమైతే కొన్ననాడే ఆవిడ పేరున కొనాల్సింది. అప్పుడు నేను వరండాలో కాఫీ తాగి, ప్రోనోటు రాయించుకోకుండానే తిరిగొచ్చేవాణ్ణి. ఇప్పుడు చూడండి, మీ పుణ్యమా అని ఆవిడ కూడా కోర్టు మెట్లెక్కాలి.

రాత్రి మిమ్మల్ని మళ్లీ చదువుతుంటే మా ఆవిడ భుజం మీదుగా తొంగి చూసింది. ప్రేమానురాగముల దగ్గర ఆగి, "నాకెప్పుడైనా ఇట్లా ఒక్క ముక్క రాశారా?" అంది.

"నాకింకా అంత అప్పు కాలేదే" అన్నాను.

ఇట్లు,
17వ నంబరు