భీమిలి దాకా గాలిలో

ఎయిర్‌షిప్పుల్లో, అంటే గ్యాస్ నింపిన భారీ బెలూన్ లాంటి గాలి ఓడల్లో, విహారయాత్రలు మళ్లీ వస్తున్నాయని చదివి వినిపిస్తే మా అమ్మ మొదటి మాట, "అవి కాలిపోతాయి కదరా!" ఆ భయం 1937 నాటిది. అమెరికాలో దిగబోతూ హిండెన్‌బర్గ్ అనే ఎయిర్‌షిప్పు తగలబడి 36 మంది చనిపోయారు. అందులో నింపింది హైడ్రోజన్. ఇప్పుడు వాడేది హీలియం, అది అంటుకోదు. జర్మనీలో కాన్‌స్టాన్స్ సరస్సు మీద జెప్పెలిన్ ఎన్‌టీ అనే ఎయిర్‌షిప్పు 2001 నుంచి యాత్రికులను తిప్పుతోంది, సుమారు 300 మీటర్ల ఎత్తున, నెమ్మదిగా.

ఆ ఎత్తు నుంచి మన విశాఖ తీరం ఊహించండి! డాల్ఫిన్స్ నోస్, ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ, చివరికి భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు. తొట్లకొండ బౌద్ధారామాన్ని పైనుంచి చూడాలని నాకెప్పటినుంచో ఆశ.

నా టెన్షన్ అంతా గాలి గురించే. జెప్పెలిన్ ఎన్‌టీ 75 మీటర్ల పొడవున్నా బరువు తక్కువ, గాలికి ఇట్టే ఊగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ మన ఎయిర్‌పోర్టు పైకప్పునే చీల్చేసింది. అందుకే తుపాను నెలల్లో అసలు తిప్పకూడదు. పైగా ఇది నేవీ ఊరు, వాళ్ల అనుమతి లేకుండా కుదరదు. జనవరి, ఫిబ్రవరి ఉదయాల్లో నడిపితే చాలు. టికెట్ ధర అందుబాటులో ఉంటే అమ్మను ఒప్పించే బాధ్యత నాది.