నవ్వండి, టాస్క్ మేనేజర్ కూడా తెరవండి

అమెరికాలో మన తెలుగు సంఘం చేసిన మొన్నటి పరాభవ ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణానికీ పిల్లల నృత్యాలకూ మధ్య వేసిన హాస్య నాటిక గురించి ఈ వ్యాసం. రాసినవారూ నటించినవారూ అందరూ నాకు బాగా తెలిసినవారే. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఉన్నా కొంచెమే.

నాటిక చూడనివారు మనలో తక్కువ కాబట్టి కథంతా మళ్లీ చెప్పను. ఊళ్లో ఉన్న తండ్రి తన కంప్యూటర్ నెమ్మదించిందని అమెరికాలోని పిల్లలకు ఫోను చేస్తూ ఉండడమే కథ. భుజాన తువ్వాలు వేసుకున్న తండ్రి, పసుపు కుంకుమలు పెట్టిన కంప్యూటర్, దాని నెత్తిన నిమ్మకాయ, అమెరికాలో అర్ధరాత్రి మోగే ఫోను. "ఇంకా తిరుగుతూనే ఉంది నాయనా" అన్న మాట వచ్చిన ప్రతిసారీ హాలంతా ఈలలు. ఆ తండ్రి నోట పెట్టిన యాస మాది. కడప యాస పెడితే సగం నవ్వు దానంతట అదే వస్తుందని మన నాటికలవారికి ఎప్పటినుంచో ఒక ధీమా. దాని మీద ఇంకోసారి రాస్తాను.

నాకు గుచ్చుకున్నది యాస కాదు. ఎప్పటిలాగే ఆ రోజు కూడా విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులందరినీ ముందు వరుసల్లో కూర్చోబెట్టాం. జ్యోతి ప్రజ్వలన వాళ్లతోనే చేయించాం, శాలువాలు కప్పాం, ఫొటోలు తీశాం. గంట తిరగకుండానే వాళ్ల ముందే వాళ్లను చూసి నవ్వాం. భోజనాల వరుసలో నా ముందు నిలబడిన కర్నూలు పెద్దాయన ఒకరు పళ్లెం చేతిలో పట్టుకుని, "మిమ్మల్ని మేము మరీ అంత విసిగిస్తామా తల్లీ?" అని అడిగారు. పులిహోర వడ్డిస్తున్న కుర్రవాడు విననట్టు గరిటె తిప్పాడు.

విసిగించరని నేనూ అనను. ఇక్కడ అర్ధరాత్రి అని తెలిసి కూడా ఫోను చేస్తారు. తెర మీద ఏ పెట్టె తెరుచుకున్నా చదవకుండా "సరే" అన్నచోట నొక్కేస్తారు. పని అయిపోగానే షట్‌డౌన్ చేయకుండా నేరుగా గోడ మీది స్విచ్చే కట్టేస్తారు, కరెంటు బిల్లు కలిసి వస్తుందని. డెస్క్‌టాప్ మీదికి ఒకసారి చేరిన ఫైలు ఇక అక్కడినుంచి కదలదు. నాటిక రాసినవారు ఇవేవీ కల్పించలేదు, వాళ్ల ఇంట్లో జరిగిందే రాసి ఉంటారు. కానీ కంప్యూటర్ నెమ్మదించడానికి ఈ అలవాట్లు ఎంతవరకు కారణమో మనలో ఎవరైనా కూర్చుని చూశారా? వీడియో కాల్‌లో రెండు నిమిషాలు చూసి, "రీస్టార్ట్ చేయి నాన్నా" అని పెట్టేయడమే కదా మన వైద్యం!

ఆ సలహా చెడ్డదేమీ కాదు. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది పనిచేస్తున్నప్పుడు షట్‌డౌన్ చేసినా లోపలి వ్యవస్థ కొంత తన స్థితిని డిస్కులో దాచుకుని, మర్నాడు దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. రీస్టార్ట్ చేస్తేనే అంతా మొదటినుంచి మొదలవుతుంది. ఇంతే సంగతి. ఇది ఒక్కసారి వివరంగా చెప్పి ఉంటే ఆ తండ్రి తనంతట తానే చేసుకునేవాడు, అర్ధరాత్రి ఫోను ఒకటి తగ్గేది. పరాయి కంపెనీలవాళ్లకు ఇలాంటివి ఎంత ఓపికగా వివరిస్తామో!

వేసవి సెలవులకు కడప వెళ్లినప్పుడు పిల్లలను మా వదినకు అప్పగించి మా నాయన కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా నాయన తెలుగు పండితుడిగా రిటైరయ్యాడు. 2016లో కొన్న డెస్క్‌టాప్ అది. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, నాలుగు జీబీ ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడుకునే మెమరీ), లోపల తిరిగే హార్డ్ డిస్కు. గోడలోని కడప బండల అల్మరాలో కింది అర దాని స్థానం. వీపు గోడకు ఆనుకుని ఉంటుంది. మీద అమ్మ పూలు కుట్టిన గుడ్డ కవరు. దసరాకు పెట్టిన గంధం బొట్టు ఇంకా చెరగలేదు. నాటికలో ఉండి ఇక్కడ లేనిది నిమ్మకాయ ఒక్కటే.

తెల్లవారుజామున లేవగానే దాని స్విచ్ వేసి స్నానానికి వెళతాడు. స్నానం, పూజ, కాఫీ ముగించుకుని వచ్చేసరికి అది పనికి సిద్ధమవుతుంది. "దాన్ని తొందరపెట్టవద్దు అమ్మీ, దాని పద్ధతి దానిది" అన్నాడు నాతో.

అందులో ఆయన చేసే పని సామాన్యమైనది కాదు. ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం మొదలుకుని జిల్లా శాసనాల మీద ఎన్నో ఏళ్లుగా రాసుకుంటున్న నోట్సు అంతా అందులోనే ఉంది. క్రీ.శ. 575 ప్రాంతపు ఆ శాసనం మన తెలుగుకు దొరికిన మొదటి శాసనమని మీకు నేను చెప్పనక్కరలేదు. ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి వెళ్లి, బీబీ నాంచారి మా ఇంటి ఆడపడుచు అంటూ కొబ్బరికాయ కొట్టే ఆచారం మీద మన ఉగాది సంచికలో ఒక వ్యాసం వచ్చింది, గుర్తుందా? చాలామంది బాగుందని సంపాదకులకు ఉత్తరాలు కూడా రాశారు. అది ఆ కంప్యూటర్‌లో పుట్టిందే. ఒకే సాయంత్రం ఆ సంచికను వేదిక మీద ఆవిష్కరించి, అదే వేదిక మీద ఆ కంప్యూటర్‌ను చూసి నవ్వుకున్నాం.

ఊళ్లో ఒక షాపువాళ్లు అంతకుముందే వచ్చి చూశారు. "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, లేదంటే కొత్తది తీసుకోండి" అన్నారట. నాయన ఒప్పుకోలేదు. ఇది విని మా ఆయనతో సహా అందరూ పెద్దాయన మొండితనం అన్నారు. కారణం ఎవరూ అడగలేదు. ఆయన రాసేదంతా పేజ్‌మేకర్ అనే పాత పేజీలు కూర్చే ప్రోగ్రాములో, అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో. ఫార్మాట్ చేస్తే, అంటే డిస్కు తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కిస్తే, అవన్నీ పోతాయి, మళ్లీ ఎక్కించుకుందామంటే సీడీ లేదు. ఫాంట్లు లేకుండా ఆ ఫైళ్లు తెరిస్తే కనిపించేవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల గందరగోళం. ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌కు మార్చుకోవచ్చు, కానీ ఒత్తులు చెదిరిపోయిన చోటల్లా మళ్లీ దిద్దుకోవాలి. జీవితకాలపు నోట్సుకూ పొద్దున అరగంట ఆలస్యానికీ మధ్య ఆయన నోట్సును ఎంచుకున్నాడు. దీన్ని మొండితనం అంటే నేను ఒప్పుకోను.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే, లోపల ఏది ఎంత పనిచేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. తెరిచాను. డిస్క్ వరుస ఎర్రబారి నూరు శాతం దగ్గర నిలిచి ఉంది. ఇంత చేసి అది చదువుతున్నది సెకనుకు ఒకటి రెండు ఎంబీలే. ప్రాసెసర్ మాత్రం దాదాపు ఖాళీగా కూర్చుంది. అంటే నెమ్మది అంతా డిస్కుదే. తిరిగే డిస్కు సెకనుకు సుమారు వంద చోట్లనుంచి మాత్రమే చదవగలదు. దాని బదులు వాడే ఎస్‌ఎస్‌డీ అనే చిప్పుల డిస్కు వేల చోట్లకు వెళ్లగలదు, దానిలో తిరిగేది ఏమీ ఉండదు కనుక. ఒకే గుమస్తా ఉన్న తాలూకా ఆఫీసుకు సోమవారం పొద్దున ఊరంతా అర్జీలు పట్టుకుని వచ్చినట్టు ఉంటుంది కంప్యూటర్ మొదలయ్యే సమయం.

అర్జీలు పట్టుకుని వచ్చినవాళ్లు ఎవరు అని, స్విచ్ వేయగానే వాటంతట అవే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా (స్టార్టప్) తీసి చూశాను. గడువు తీరిన యాంటీవైరస్ ఒకటి, దాని మీద ఎవరో అమ్మిన మరో యాంటీవైరస్. తెరిచిన ప్రతి ఫైలునూ తనిఖీ చేయడమే వీటి పని. ఎప్పుడో పారేసిన ప్రింటర్ తాలూకు ప్రోగ్రాము. మా తమ్ముడు సెలవులకు వచ్చినప్పుడు ఎక్కించుకున్న ఆటల ప్రోగ్రాము. మనవడి పుట్టినరోజు చూపించడానికి నలుగురు నాలుగు రకాలుగా ఎక్కించిన వీడియో కాల్ యాప్‌లు. ఇందులో నాయన తనకోసం పెట్టుకున్నది ఏదీ లేదు. నాటిక రాసినవారు ఈ జాబితా ఒకసారి చూడాలని నా కోరిక. వీటన్నిటికీ నాలుగు జీబీ ర్యామ్ చాలదు. చాలనిదాన్ని విండోస్ మళ్లీ ఆ డిస్కు మీదికే తోస్తుంది. అవి ఒక్కొక్కటే ఆపి, అక్కర్లేనివి తీసేశాను. బ్రౌజర్‌లో నోటిఫికేషన్ల అనుమతులన్నీ రద్దు చేస్తే "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని బెదిరించే పెట్టెలు కూడా పోయాయి. ఆ నంబరుకు ఎప్పుడూ ఫోను చేయవద్దని చెప్పబోతే, "నాకు తెలుసులే" అన్నాడు.

కొంత తేలికపడింది కానీ రోగం పోలేదు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో డిస్కు ఆరోగ్యం చూస్తే పసుపు రంగు హెచ్చరిక వచ్చింది. పాడైన చోట్లు పెరుగుతున్నాయి, చదవలేక పదే పదే ప్రయత్నిస్తోంది. ఇలాంటి డిస్కు ఏ రోజైనా పూర్తిగా ఆగిపోవచ్చు. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, కరెంటు పోయినప్పుడల్లా దెబ్బ నేరుగా డిస్కుకే. పనులన్నీ ఆపి ముందు ఆ శాసనాల ఫోల్డరును బయటి డ్రైవులోకి ఎక్కించాను. నెమ్మదించిన కంప్యూటర్ దగ్గర మొదట చేయవలసిన పని ఇది. ఏ వీడియో కాల్‌లోనూ మనం చెప్పనిది కూడా ఇదే.

ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఒక సందులో చిన్న మరమ్మతు దుకాణం ఉంది. అక్కడి కుర్రవాడు విషయం విని, "ఫార్మాట్ అయితే తొందరగా అయిపోతుంది అక్కా, క్లోన్ అంటే సాయంత్రం దాకా పడుతుంది. సార్ ఫాంట్లు పోకూడదంటే క్లోనే చేద్దాం" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ మీదికి దించాడు, మరో నాలుగు జీబీ ర్యామ్ వేశాడు. ఈమధ్య ర్యామ్ ధరలు మండుతున్నా అంతా కలిపి కొత్త కంప్యూటర్‌లో చిన్న వంతే అయింది. బ్లోయర్ పెట్టి కొడితే ఫ్యాన్ కిందినుంచి దుమ్ము ముద్దలుగా రాలింది. కడప మే నెల ఎండకు తోడు ఆ దుమ్ము, ఆ గోడ, ఆ గుడ్డ. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం పూట అది ఎందుకు మొండికేసేదో అప్పుడు తెలిసింది.

గుడ్డ తీసేయాలని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సంగతి తెలిసి అమ్మే కత్తెర తెచ్చి, ఫ్యాన్ ఉన్నచోట గుండ్రంగా కత్తిరించి, పోగులు లేవకుండా అంచు కుట్టింది. పెట్టెను గోడనుంచి జానెడు ముందుకు జరిపాం. గంధం బొట్టు జోలికి ఎవరూ పోలేదు, దానివల్ల ఏ కంప్యూటరూ నెమ్మదించదు.

మర్నాడు స్విచ్ వేసి నాయన తువ్వాలు అందుకునేలోపే తెర సిద్ధంగా ఉంది. "ఇప్పుడు నేను స్నానానికి పోవాలా వద్దా?" అని విసుక్కున్నాడు.

ఇంకో సంగతి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఆ తర్వాత నమోదు చేసుకున్నవారికి కొంతకాలం మాత్రమే భద్రతా అప్‌డేట్లు. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందు ప్రాసెసర్లు దాదాపు ఏవీ విండోస్ 11 జాబితాలో లేవు. మన ఊళ్లలోని తండ్రుల కంప్యూటర్లు చాలావరకు ఆ గీతకు అవతలివే. బ్యాంకు పనులు ఆ కంప్యూటర్‌లో వద్దని చెప్పాలా, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాలా, కొత్తది కొనిపెట్టాలా అన్నది ఒక్కో ఇంటికి ఒక్కో రకం. ఏదైనా ముందు ఆ ఇంట్లో కంప్యూటర్‌తో ఏం పని జరుగుతోందో అడిగి తెలుసుకోవాలి.

ఏటా మన సంఘం పాత ల్యాప్‌టాప్‌లు పోగుచేసి సొంత ఊళ్ల బడులకు పంపుతుంది. మంచి పనే. కానీ వాటిలో ఛార్జర్ లేనివి, బ్యాటరీ ఉబ్బినవి, సొంత ఫైళ్లు బయటపడతాయని డిస్కు పీకేసి ఇచ్చినవి ఎన్ని ఉంటాయో పెట్టెలు సర్దే కార్యకర్తలకు తెలుసు. అక్కడికి వెళ్లాక అవీ బీరువా చేరతాయి. కృత్రిమ మేధ మీద మహాసభల్లో గంటల తరబడి సదస్సులు పెట్టగలిగినవాళ్లం, తల్లిదండ్రుల కంప్యూటర్ల కోసం వారానికి ఒక పూట కేటాయించలేమా? ఇక్కడి శనివారం సాయంత్రం అక్కడ ఆదివారం ఉదయం. విండోస్‌లోనే క్విక్ అసిస్ట్ ఉంది, పెద్దవాళ్ల అనుమతితో వాళ్ల తెర మనం చూడవచ్చు. సాయం చేసేది ఎవరో వాళ్ల పిల్లలు ముందే పరిచయం చేయాలి, పిలవకుండా వచ్చినవారికి అనుమతి ఇవ్వకూడదు. తెలుగులో, విసుక్కోకుండా, ఎందుకో వివరిస్తూ మాట్లాడే పదిమంది ఉంటే చాలు. మనలో సాఫ్ట్‌వేర్‌వాళ్లు దొరకరన్న మాట ఎవరూ నమ్మరు.

నాటికలు మానమని నేను అనడం లేదు. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టండి, జాబితాలో నా పేరు ముందుగా రాసుకోండి. అను ఫాంట్ల సమస్యలు వస్తే మాత్రం నా దగ్గరికి పంపవద్దు. వాటికి మా నాయన ఒప్పుకున్నాడు, తెల్లవారుజామున ఎప్పుడైనా పరవాలేదన్నాడు.