పొగ సాకుతో పాత బండ్లకు పొగ పెడుతున్నారు

మా యమహా ఆర్‌ఎక్స్ 100 ఆర్సీ గడువు మొన్నామధ్య అయిపోతే రెన్యువల్‌కి తీసుకెళ్లాను. 1990 మోడల్, నాన్న కొన్న బండి. నగరంలోని ఒక రవాణా ఆఫీసులో ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసుకున్నారు. హెడ్‌లైటు వెలుగుతోందా, ఇండికేటర్లు పనిచేస్తున్నాయా అని చూశారు. తయారైన సంవత్సరాన్ని బట్టి ఫీజు కట్టించుకున్నారు. ఒక్క కిక్ కొట్టి స్టార్ట్ చేసి చూపించమని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే సంతోషంగా చూపించేవాణ్ని. రెండేళ్ల కింద ఆ ఇంజన్‌ని పూర్తిగా విప్పి కట్టించాను. పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేస్తే కాసేపు పొగ వదులుతుంది, వేడెక్కాక వెనక వచ్చేవాళ్ల కళ్లు మండించకుండా నడుస్తుంది. ఆ సంగతి రాసుకునే గడి ఆ ఫారంలో ఎక్కడా లేదు.

పాత బండిని తూచాల్సింది పుట్టిన తేదీ చూసి కాదు, ఇవాళ అది ఎలా ఉందో చూసి. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ ఒక్క తేడా పట్టించుకోకపోవడం వల్ల హైదరాబాద్ మెకానిక్కులు నలభై ఏళ్లుగా తమ చేతులతో బతికించిన జపాన్ బండ్లు తుక్కు లెక్కలోకి పోతున్నాయి.

ఫీజుల గొడవ అందరికీ తెలిసిందే. 15 ఏళ్లు దాటిన టూవీలర్ రెన్యువల్ 2022 ఏప్రిల్‌లో 300 రూపాయల నుంచి 1,000కి పెరిగింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 2,000 చేశారు. విదేశం నుంచి తెప్పించుకున్న టూవీలర్ అయితే 20,000. అయిదేళ్లకోసారి 2,000 కట్టడం ఎవరికీ ప్రాణం మీదికి రాదు, దాని గురించి నేను కొట్లాడను. నా కొట్లాట ఇంకోచోట ఉంది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, ఇంజన్‌లో, ఛాసిస్‌లో, బాడీలో పెద్ద మార్పులు లేని బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరిస్తారు. మంచిదే. మరి 1983లో మన దేశంలో మొదలైన రాజ్‌దూత్ 350కి (దీన్నే ఆర్‌డీ 350 అంటారు) ఆ గౌరవం ఎప్పుడు దక్కాలి? అందులో మొట్టమొదటి బండికైనా 2033లోనే. 1985 నవంబరులో వచ్చిన ఆర్‌ఎక్స్ 100కి 2035. పదిహేనో ఏట ముసలిదని ముద్ర వేసి, యాభయ్యో ఏట వారసత్వ సంపద అంటున్నాం. మధ్యలో ముప్పై అయిదేళ్లు ఆ బండి ఎలా బతికిందో, ఎవరు బతికించారో చట్టానికి పట్టదు.

ఈ బండ్లు ఇక్కడికి ఎలా వచ్చాయో పెద్దగా చెప్పక్కర్లేదు. 1984లో ఇండ్-సుజుకీ, 1985లో హీరో హోండా సీడీ 100, ఆ వెనకే ఆర్‌ఎక్స్ 100, 1986లో కవాసాకీ బజాజ్ కేబీ 100. బుల్లెట్టో, యెజ్డీయో, లేదంటే ఏళ్ల తరబడి స్కూటర్ బుకింగ్ కోసం ఎదురుచూపులో అన్న కాలంలో ఒక కిక్‌కే స్టార్టయ్యే తేలికైన బండ్లు వచ్చాయి. ఆర్‌ఎక్స్ 100ది 98 సీసీ టూ-స్ట్రోక్ ఇంజన్, 11 హార్స్ పవర్. అంకెలు చిన్నవే కానీ ఆ తేలిక ఒంటితో అది తీసుకునే పికప్ తెలిసినవాళ్లకు తెలుసు. 1996లో తయారీ ఆగిపోయింది. అంటే ఇవాళ రోడ్డు మీదున్న ఆర్‌ఎక్స్ 100లలో అన్నిటికంటే చిన్నదానికి కూడా దాదాపు ముప్పై ఏళ్లు.

ఇక పొగ సంగతి. పాత టూ-స్ట్రోక్ బండి అనగానే జనానికి గుర్తొచ్చేది తెల్లగా కమ్ముకునే పొగే. టూ-స్ట్రోక్ ఎంతో కొంత పొగ వదులుతుంది, ఎందుకంటే ఇంజన్ అరగకుండా పోసే టూ-టీ ఆయిల్ పెట్రోలుతోపాటే లోపలికి వెళ్లి కాలుతుంది. కానీ ట్రాఫిక్‌లో మనం తిట్టుకునే దట్టమైన పొగకు కారణం చాలాసార్లు వేరే ఉంటుంది. ఫోర్-స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) ఉండే గది ఆయిల్‌కి మాత్రమే. టూ-స్ట్రోక్‌లో ఆ గదే పంపు కూడా. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు అక్కడికే వచ్చి, పిస్టన్ కిందికి దిగే ఒత్తిడితో పైకి ఎక్కుతుంది. అందుకే ఆ గదిలోకి బయటి గాలి చొరబడకూడదు. క్రాంక్‌కి రెండు పక్కలా రెండు రబ్బరు సీళ్లు ఆ కాపలా కాస్తాయి. క్లచ్ వైపు సీలు గట్టిపడి చిట్లితే గేర్ ఆయిల్‌ని ఇంజన్ పీల్చేసుకుంటుంది, అదే తెల్లటి పొగ. గేర్ ఆయిల్ ఎందుకు తగ్గిపోతోందో తెలియక పోస్తూనే ఉంటారు. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే గాలి పీలుస్తుంది, మిశ్రమం పలచబడుతుంది, ప్లగ్ మూతి తెల్లగా కాలుతుంది, ఒక మధ్యాహ్నం ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారిలో పిస్టన్ సిలిండర్‌లో ఇరుక్కుని పట్టేస్తుంది. అరచేతిలో ఇమిడే రెండు రబ్బరు రింగులు చేసే పని ఇది. 1990 బండిలో కొత్త సీళ్లుంటే అది శుభ్రంగా నడుస్తుంది, పదేళ్ల బండిలో సీలు పోతే వీధంతా పొగే. అలాంటప్పుడు సంవత్సరం చూసి ఫీజు వేయడంలో అర్థం ఏమైనా ఉందా?

సీలు మార్చడానికి ఇంజన్ దించి కేసింగ్ విప్పాక క్రాంక్ చూడకుండా తిరిగి బిగించడం తెలివి తక్కువ పని. రెండేళ్ల కింద నా బండి విప్పినప్పుడు మా మెకానిక్ ఉస్తాద్ చూశాడు. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్‌ని వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఆడించి, ‘‘పెద్ద బేరింగ్ పోయింది సార్’’ అన్నాడు. బాలానగర్‌లో లేతు షెడ్డుకి తీసుకెళ్లాం. ప్రెస్ కింద పెట్టి క్రాంక్ పిన్ ఊడదీశారు, కొత్త రాడ్డు, కొత్త బేరింగ్ వేసి మళ్లీ ప్రెస్ చేశారు. చూసేవాళ్లకు పని అయిపోయినట్టే ఉంటుంది. అసలు పని అక్కడే మొదలవుతుంది. అలా కలిపిన క్రాంక్ రెండు పక్కల ఇరుసులూ ఒకే గీతలో ఉండవు. దాన్ని వీ ఆకారపు దిమ్మెల మీద పడుకోబెట్టి, డయల్ గేజ్ ముల్లు ఆనించి, చేత్తో మెల్లగా తిప్పుతూ ముల్లు ఎంత ఊగుతోందో చూడాలి. గేజ్ మీద ఒక గీతంటే మిల్లీమీటరులో నూరో వంతు. మొదటిసారి ముల్లు పద్దెనిమిది గీతలు ఊగింది. ఉస్తాద్ క్రాంక్ చక్రం అంచు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాడు, రాగి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. మళ్లీ తిప్పాడు, పదకొండు. ఇంకో చోట గుర్తు, ఇంకో దెబ్బ, ఏడు. ఒకసారి దెబ్బ కాస్త గట్టిగా పడి మళ్లీ పన్నెండుకి పోయింది, నాకు టెన్షన్ మొదలైంది, ఆయనకు లేదు. గంటకు పైగా పట్టింది. చివరికి గేజ్ వైపు చూపించి, ‘‘మూడు గీతలున్నయ్ సార్. ఇగ ముట్టొద్దు’’ అని సుత్తి పక్కన పెట్టేశాడు.

ఆ సుత్తి దెబ్బ ఎంత బలంగా పడాలో ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. అది ఆయన మణికట్టులో ఉంది. నేను వారసత్వం అనేది దాన్ని.

అందుకే ఈమధ్య హైదరాబాద్‌లో రీస్టోరేషన్ పేరుతో జరుగుతున్నది చూస్తే బాధగా ఉంటుంది. ఆర్‌ఎక్స్ 100, ఆర్‌డీ 350 ధరలు లక్షలకు ఎక్కాక కొత్త రకం దుకాణాలు వచ్చాయి. బండి ఇవ్వగానే ముందు ట్యాంకు రంగు గీకేస్తారు, ఒరిజినల్ క్రోమ్ మీద చిన్న మచ్చలుంటే రుద్ది సరిచేసే బదులు మళ్లీ పూత పెట్టిస్తారు, ఒరిజినల్ మికునీ కంపెనీ కార్బరేటర్ శుభ్రం చేసి జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే సన్నటి రంధ్రాల ముక్కలు) మార్చుకుంటే సరిపోయేదానికి డూప్లికేట్ బిగిస్తారు. ఇంజన్ బాగున్నా అలవాటుగా బోరు కొట్టించేస్తారు, అంటే సిలిండర్ లోపలి గోడను కోసి వెడల్పు చేయిస్తారు. ఆర్‌ఎక్స్ 100 సిలిండర్ బోరు 50 మిల్లీమీటర్లు. ఒక్కో బోరుకి పావు మిల్లీమీటరు పెరుగుతుంది, నాలుగు బోర్లతో 51కి చేరుతుంది, ఆ తర్వాత సిలిండర్ లోపలి గొట్టం, అంటే స్లీవ్ మార్చుకోవాల్సిందే. అక్కర్లేని ప్రతి బోరూ ఆ సిలిండర్ ఆయుష్షులో పావు వంతు తినేసినట్టు. పైపై మెరుగు దిద్దిన ఆ బండ్లు చివరికి ఏదో కాఫీ షాపు గోడ పక్కన స్టాండ్ వేసి ఉంటాయి. నడపని టూ-స్ట్రోక్‌లో సీళ్లు ఎండిపోతాయి, కార్బరేటర్‌లో పెట్రోలు జిగురు కడుతుంది. ఆదివారం పొద్దున్నే ఆరింటికి నర్సాపూర్ అడవి రోడ్డు మీద మూడో గేర్‌లో థ్రాటిల్ తిప్పినప్పుడు ఇంజన్ సగం దాకా మామూలుగా లాగి ఒక్కసారిగా గొంతు మార్చుకుంటుంది చూడండి, బండి ఉన్నది దానికోసం. (సైలెన్సర్ లోపల శబ్దం తగ్గించే బ్యాఫిల్ పీకేసి ఊరంతా మోగించే కుర్రాళ్లకు ఒక మాట: ఆ సైలెన్సర్ ఆకారమే ఆ ఇంజన్‌కి బలం. దాన్ని చెడగొడితే శబ్దం పెరిగి బలం తగ్గుతుంది.)

ఇంకో దెబ్బ పెట్రోలు బంకు నుంచి వచ్చింది. ఇప్పుడు దాదాపు ఎక్కడ కొట్టించినా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్‌తోనే నడిపితే మిశ్రమం పలచబడుతుంది. ఫోర్-స్ట్రోక్‌కి అది కాస్త మైలేజీ నష్టం. టూ-స్ట్రోక్‌కి వేడి పెరిగి పిస్టన్ పట్టేసే ప్రమాదం. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ఆగి ఉన్న బండి ట్యాంకులో తుప్పు మొదలవుతుంది, పాత రబ్బరు ఉబ్బిపోతుంది. దీనికి మందు లేదా అంటే ఉంది. మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెంచి, ప్లగ్ రంగు చూసుకుంటూ సరిచేయాలి. ట్యాంకు ఖాళీ చేసి పెట్టాలి లేదా వారానికోసారి నడపాలి, రబ్బరు గొట్టాలు మార్చాలి. ఈ పనులన్నీ పుత్లీబౌలి చుట్టుపక్కల సందుల్లో పాత మెకానిక్కులు ఎవరూ చెప్పకుండానే చేస్తున్నారు. రబ్బరు భాగాలు మార్చుకుంటే సరిపోతుందని ప్రభుత్వం తేలిగ్గా చెప్పింది. ఆ మార్చే చేయి ఎవరిదో మాత్రం చెప్పలేదు.

దీనికి ఎదురు వాదన ఉంది, అది ఉత్త మాట కూడా కాదు. టూ-స్ట్రోక్ ఇంజన్‌లో కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్ దారిన బయటికి పోతుంది. ఎంత బాగా కట్టినా ఆ లోపం డిజైన్‌లోనే ఉంది. నగరం గాలి ఇప్పటికే పాడైంది, ఇంకా పాత బండ్లకు ముద్దులెందుకు అంటారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. కానీ ఈ బండ్లు ఇవాళ రోజూ ఆఫీసుకు నడిచే బండ్లు కావు. ఎక్కువగా ఆదివారం పొద్దున గండిపేట దాకానో, అనంతగిరి దాకానో వెళ్లొస్తాయి. నిజంగా గాలి మీద ప్రేమ ఉంటే సైలెన్సర్‌లో గొట్టం పెట్టి కొలవండి. పాసైతే నడవనివ్వండి, ఫెయిలైతే సీలు మార్చుకుని రమ్మనండి. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే అని హద్దు పెట్టినా ఒప్పుకుంటాం. 30 ఏళ్లు దాటి, ఒరిజినల్ ఇంజన్, ఒరిజినల్ ఛాసిస్‌తో, పొగ పరీక్ష పాసైన బండికి మధ్యస్థంగా ఒక తరగతి పెట్టడానికి ఏం అడ్డం?

కవాసాకీ కంపెనీ 1972 నాటి జెడ్1 బండి కోసం సిలిండర్ హెడ్‌లను దశాబ్దాల తర్వాత మళ్లీ పోత పోసి అమ్మింది. మన దగ్గర ఏ కంపెనీ అంత పట్టించుకుంది? ఇక్కడ ఆ బాధ్యత మోసింది లేతు షెడ్డే. ఆ షెడ్లు ఊరికే పుట్టలేదు. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్, తర్వాత హెచ్‌ఎంటీ, బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ. మిల్లీమీటరులో నూరో వంతు గురించి ఆలోచించడం ఈ నగరానికి నేర్పినవి ఆ ఫ్యాక్టరీలు. వాటిలో కొన్ని మూతపడ్డాయి, కానీ ఆ లెక్క మనుషుల చేతుల్లో మిగిలింది. ఇప్పుడు ఆ చేతులకు పని తగ్గుతోంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండిలో తేడా వస్తే ముందు స్కానర్ పెట్టాలి, స్కానర్ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఉంటుంది, అక్కడ పార్టు బాగుచేయరు, మొత్తం మార్చేస్తారు. రిపేర్ హక్కు గురించి కేంద్రం 2022లో కమిటీ వేసింది, వెబ్‌సైట్ పెట్టింది. అందులో వాహన రంగం కూడా ఉంది. వెబ్‌సైట్‌లో మాన్యువల్ పెడితే రిపేర్ రాదు. చేత్తో చేసేవాడు ఉండాలి, వాడికి నేర్పేవాడు ఉండాలి.

తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను కొత్త టెక్నాలజీ కేంద్రాలుగా మారుస్తోంది. రోబోలు, ఎలక్ట్రిక్ వాహనాలు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లు పెడుతున్నారు. నేను దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. వాటిలో ఒక్క చోట, మల్లేపల్లిలోనే అనుకోండి, ఒక బల్ల అడుగుతున్నాను. దాని మీద రెండు వీ దిమ్మెలు, ఒక డయల్ గేజ్, ఒక రాగి సుత్తి, విప్పిన ఆర్‌ఎక్స్ 100 ఇంజన్ ఒకటి. వారానికి రెండు పూటలు మా ఉస్తాద్ లాంటివాళ్లను జీతమిచ్చి అక్కడ కూర్చోబెట్టండి. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఆఖరి కుర్రాడు రెండేళ్ల కింద మానేసి ఫుడ్ డెలివరీకి వెళ్లిపోయాడు. ఉస్తాద్‌కి ఇప్పుడు అరవై రెండేళ్లు. గేజ్ మీద గీతలు చూడటానికి కళ్లద్దాల మీద ఇంకో భూతద్దం పట్టుకుంటున్నాడు.